జీబీ చూసి గ్రాఫిక్స్ కార్డు కొనకండి, “మీకిది చాలు” అంటే నమ్మకండి

పోస్టు పొడుగైంది, అయినా చివరిదాకా చదవండి. సెకండ్ హ్యాండ్ పీసీ తీసుకుని, గేమ్స్ కోసం కార్డు వేయించాలనుకుంటున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఇది వాళ్ల కోసం.

ముందు ఒక మాట తేల్చుకుందాం. “ట్రైబల్ హాస్టల్ పిల్లలకి గేమింగ్ ఎందుకు?” అంటున్నారు. టౌన్ పిల్లాడు ఆడితే హాబీ, మనం ఆడితే జల్సా! “ఎడిటింగ్ నేర్చుకోడానికని చెప్పండి” అని మనవాళ్లే కొందరు సర్దుతున్నారు. ఎందుకు చెప్పాలి? మన కోయ, గోండి పాటల వీడియోలు ఎడిట్ చేస్తాం, కోడింగ్ చేస్తాం, ఆదివారం గేమ్ కూడా ఆడతాం. ఆడుకోడానికి సాకు అక్కర్లేదు.

కానీ ఆ డబ్బు ఎక్కడిదో మర్చిపోవద్దు. ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మనం. ఎండాకాలం తునికాకు కోసిన డబ్బు అది, కాఫీ పండ్లు ఏరిన డబ్బు అది. తునికాకు కట్టకి 50 ఆకులు. తగ్గితే కల్లేదారు కట్ట పక్కన పెడతాడు. మన దగ్గర కొనేవాడు ఆకు ఆకు లెక్కపెట్టి కొంటుంటే, మనం మాత్రం డబ్బా మీద బొమ్మ చూసి వేలకు వేలు ఇచ్చి రావాలా?

షాపులో జరిగేది మాకు తెలుసు. “ఏ ఊరు బాబూ?” అంటారు. ఏజెన్సీ ఊరి పేరు చెప్పగానే మూల నుంచి ఒక డబ్బా దిగుతుంది. “4 జీబీ కార్డు, మీకిది చాలు.” ఆ డబ్బాలో ఎక్కువసార్లు ఉండేది జీటీ 730. 2014లో వచ్చిన కార్డు. అందులో 64-బిట్ డీడీఆర్3 రకం మెమరీ వేగం సెకనుకి 14.4 జీబీ. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650కి కూడా 4 జీబీయే, కానీ వేగం 128 జీబీ. అంటే దాదాపు తొమ్మిది రెట్లు. 4 జీబీ అనేది బిందె సైజు మాత్రమే. బోరింగు నీళ్లు ఎంత ధారగా పోస్తుందో అది చెప్పదు.

“డబ్బు లేనోడికి ఏదో ఒకటి నయమే కదా” అనే అన్నలకి మా జవాబు: నయం కాదు. రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్‌లో ఉన్న వేగా గ్రాఫిక్సే జీటీ 730 కంటే మేలు. అలాంటి పీసీ ఉంటే, ఒకే ర్యామ్ స్టిక్ ఉన్నచోట రెండోది వేయండి. లేదంటే ఆ డబ్బు దాచుకోండి. పనికిరానిది కొనడం పొదుపు కాదు.

పేరు ఒకటే అయినా కార్డు ఒకటే కాదు. జీటీ 1030లో జీడీడీఆర్5 రకానికి 48 జీబీ వేగం, 2018లో అదే పేరుతో వచ్చిన డీడీఆర్4 రకానికి 16.8. ఆర్టీఎక్స్ 3050లో 8 జీబీది 130 వాట్లు తీసుకుంటుంది. 2024లో వచ్చిన 6 జీబీది 70 వాట్లే, కానీ దానికి కోర్లు తక్కువ. పూర్తి పేరు, మెమరీ రకం కాగితం మీద రాయించుకోండి.

కార్డు కంటే ముందు మీ పీసీ డబ్బా తెరిచి చూడండి. మనకి దొరికేవి ఎక్కువగా ఆఫీసుల్లో వాడి తీసేసిన పీసీలు. వాటి ఎస్ఎంపీఎస్ చిన్నది, విడిగా పవర్ వైరు ఉండదు. మదర్‌బోర్డు స్లాట్ నుంచి వచ్చేది ఎక్కువలో ఎక్కువ 75 వాట్లు. కాబట్టి పవర్ వైరు అడగని 1650 మోడళ్లు, 6 జీబీ 3050 చూడండి. సన్నటి కేబినెట్ అయితే లో-ప్రొఫైల్ రకమే పడుతుంది, కొలిచి వెళ్లండి. ఆర్ఎక్స్ 580 చవకగా వచ్చిందని తెస్తే 185 వాట్లు ఎక్కడినుంచి తెస్తారు? ఆర్ఎక్స్ 6400కి పవర్ వైరు అక్కర్లేదు గానీ పాత పీసీఐఈ 3 బోర్డు మీద వేగం తగ్గుతుంది. పైగా వీడియో రికార్డింగ్‌కి కావాల్సిన ఎన్‌కోడర్ అందులో లేదు. పాటల వీడియోలు చేసేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

సెకండ్ హ్యాండ్ తప్పు కాదు. కానీ 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక, రాత్రీపగలూ తిరిగిన కార్డులు బజార్లోకి చాలా వచ్చాయి. పాత చిప్పుకి కొత్త పేరు రాసి అమ్మేవాళ్లూ ఉన్నారు. జీపీయూ-జెడ్ వేసి పేరు చూడండి, ఫర్‌మార్క్ పావుగంట నడిపించండి. నడిపి చూపించనంటే లేచి వచ్చేయండి. కొత్తదైతే బిల్లు లేకుండా తీసుకోవద్దు. “బిల్లు లేకపోతే తగ్గిస్తా” అన్నాడంటే వారంటీ పోయినట్టే.

ఇదంతా పెద్ద చదువేం కాదు. ప్రశ్న అడగడం, అంతే. మనం అడగమని వాళ్లకి ధైర్యం. ఇకనుంచి షాపుకి ఒక్కరు వెళ్లొద్దు, ఇద్దరు వెళ్లండి. డబ్బు ఇవ్వకముందే కార్డు పూర్తి పేరు, మీ ఎస్ఎంపీఎస్ మీద రాసిన వాట్లు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. తెలిసినవాళ్లం చెప్తాం. “మీకిది చాలు” అని ఎవరైనా అంటే, మాకేది చాలో మేమే చెప్తామని అనండి.

జై ఆదివాసీ.