ట్రక్కు టైరుకు బటన్లొక్కటే చాలవు

సంపాదకులకు,

లారీల నుంచి తీసిన పాత టైర్లు ట్రాక్టర్ ట్రక్కుకు వేసుకోవచ్చనీ, నేలను పట్టే బటన్లు లోతుగా ఉంటే చాలనీ గత సంచిక వ్యాసం చెప్పింది. జగ్గయ్యపేట, నందిగామ రైతులకు ఇది ప్రమాదకరమైన సలహా.

ఇక్కడి ట్రక్కులు పత్తి, మిర్చి సీజన్లో తిరిగి, ఆ తర్వాత నెలల తరబడి ఎండలో కదలకుండా నిలబడతాయి. తిరగని టైరుకు బటన్లు అరగవు. రబ్బరు మాత్రం ఎండిపోయి పక్కలు పగుళ్లిస్తాయి. కాబట్టి ముందు చూడాల్సింది వయసు. టైరు పక్కన డాట్ (DOT) ముద్ర చివర నాలుగంకెలుంటాయి: 2318 అంటే 2018లో 23వ వారం తయారీ. రీబటన్ టైరుకైతే కొత్త బటన్ల కింద దాగిన పాత టైరు (కేసింగు) వయసే అసలు లెక్క. బటన్లకు చట్టం చెప్పే 1.6 మిల్లీమీటర్ల లోతు కనీస హద్దు మాత్రమే.

బరువు సంగతి మరీ ముఖ్యం. టైరుపై అచ్చయిన లోడు, గాలి అంకెలు జంటగా చదవాలి. గాలి తగ్గితే పక్కలు పదేపదే వంగి లోలోపల వేడెక్కుతాయి. 65వ జాతీయ రహదారిపై బస్సుల మధ్య అలాంటి టైరు పేలితే బండి పక్కవాళ్లకూ ముప్పే. గాలి ఉదయాన్నే, బండి కదలకముందు కొలవాలి. ఒకే ఇరుసుకు ఒకే సైజు, ఒకే రకం టైర్లుండాలి. ఖాళీ నెలల్లో ఇరుసు కింద దిమ్మలు పెట్టి, టైర్లపై పట్టా కప్పాలి.

ఆ వ్యాసానికి వచ్చే సంచికలోనే సవరణ వేయాలి.

— ఒక పాఠకుడు, నందిగామ