గడప లోపలికీ చూడాలి
జంతుహింసను ‘ఇతర నేరాల’ గంపలోంచి తీసి 2016 జనవరి నుంచి ప్రత్యేక నేరంగా నమోదు చేయాలన్న అమెరికా ఎఫ్‌బీఐ నిర్ణయం సబబైనదే. అలాగని కుక్కపిల్ల తోకకు టపాసుల సరం కట్టిన ప్రతి కుర్రాడూ రేపటి వరుస హంతకుడు కాడు. 1963లో మానసిక వైద్యుడు మెక్‌డొనాల్డ్ ప్రతిపాదించిన, జంతుహింస కూడా ఒకటైన మూడు లక్షణాల సూత్రానికి తర్వాతి పరిశోధనల్లో గట్టి బలం దొరకలేదు. అలాంటి పిల్లవాడి ఇంట్లో తరచూ తల్లి మీదో, వాడి మీదో చెయ్యి లేస్తూ ఉంటుందన్నదే అసలు పట్టించుకోవాల్సిన సంగతి. ఫిర్యాదు అందుకున్న పోలీసు ఆ గడప లోపలికీ చూడాలి. పశువైద్యుడు గాయానికి కట్టు కట్టి ఊరుకోరాదు. మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో తొలి నేరానికి గరిష్ఠ జరిమానా ఇప్పటికీ 50 రూపాయలే, అదీ పట్టుబడితే! దాన్ని సవరించేటప్పుడు, నిందితుడు బాలుడైతే ఇంటి పరిస్థితులపై విచారణ, మానసిక నిపుణుల సాయం తప్పనిసరి చేయాలి.