ఇంటి కిస్తు, ముదిమి కూడు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పినది ఆ రెండు కార్యములందలి భారమును తెలిపి హెచ్చరించుటకు. మనవారు దానిని ఆజ్ఞగా గ్రహించి, పెండ్లియైన రెండు మూడేండ్లకే ఇంటికి పునాది త్రవ్వుచున్నారు. ఇల్లు కూడదని మేమనుట లేదు. ఏటేటా అద్దె పెంచు యజమానికి లోబడి బ్రతికిన సంసారికి సొంతగోడ యెంతటి ధైర్యమో మేమెరుగుదుము. అయితే ఆ గోడకై యౌవనమందే వార్ధక్యమును తాకట్టు పెట్టు ఆచారమొకటి మన మధ్యతరగతి కుటుంబములలో వేరూనినది. దానినే మేమిచట ఖండింపదలచితిమి.

2016లో కరీంనగరు నుండి వేరుపడిన పెద్దపల్లి జిల్లాలో నెలజీతముపై బ్రతుకు కుటుంబములు మెండు. గోదావరిఖని బొగ్గుగనులు, రామగుండము విద్యుత్కేంద్రము, ఎరువుల కర్మాగారము, బడులు, కచ్చేరీలు వీరి జీవనాధారములు. జీతపు చీటీ చూపిన ముప్పదేండ్ల యువకునికి ఇరువదేండ్ల గృహఋణము సులభముగనే లభించుచున్నది. అటుపిమ్మట అప్పన్న భీతి యొకటి పట్టుకొనును. భవిష్యనిధినుండి ఇంటికై సొమ్ము తీయుటకు నిబంధనలు అనుమతించుచున్నవి గదా యని దానిని తీసి అసలుకు జమ కట్టుదురు. ముదిమికై దాచుట యెప్పుడని యడిగిన, "అప్పు తీరనిండు, చూతము" అందురు.

వీరి వాదమును తేలికగా త్రోసివేయరాదు. అప్పుపై నూటికి ఎనిమిదిన్నర వడ్డీ కట్టుచు, దాచిన సొమ్ముపై అంతకు తక్కువ వడ్డీ పొందుట తెలివిమాలిన పని కాదా యని వారి ప్రశ్న. లెక్క చూతము. ఉద్యోగుల భవిష్యనిధికి 2024-25లో ప్రకటించిన వడ్డీ 8.25. అనగా ఎనిమిదిన్నర వడ్డీ గల ఋణమునకు ఈ సొమ్ము మళ్లించిన లక్షకు కలుగు లాభము ఏటికి 250 రూపాయలు మాత్రమే. ఈ స్వల్పలాభమునకై వారు పోగొట్టుకొనునది కాలము. నూటికి ఎనిమిది చొప్పున పెరుగు సొమ్ము సుమారు తొమ్మిదేండ్లకు రెట్టింపగును. ముప్పదవయేట దాచిన లక్ష యేబదియేడవ యేటికి ఎనిమిది లక్షలగును. ముప్పదితొమ్మిదవ యేట దాచినది నాలుగు లక్షలే. కిస్తులు ముగిసిన తరువాత ఆ సొమ్మును మరల నిధిలో నింపుదుమని వారనవచ్చును. అప్పటికి పిల్లల చదువులు, పెండ్లిండ్లు గుమ్మమున నిలిచియుండును. ఇంటికై తీసిన సొమ్ము తిరిగి నిధికి చేరుట మేము చూచినది మిక్కిలి అరుదు.

ఉద్యోగము శాశ్వతమను నమ్మకము వేరొక భ్రమ. రామగుండము ఎరువుల కర్మాగారము 1980లో ఉత్పత్తి ప్రారంభించి 1999లో మూతపడెను. పందొమ్మిదేండ్ల ఆయువు! తొలియేట చేరిన యువకుడు ఇరువదేండ్ల ఋణము తీసికొనియున్నచో కర్మాగారము ముందు పోయి, కిస్తు మిగిలియుండెడిది. అదే స్థలమున 2021లో నూతన కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించినది నిజమే. నడుమ గడచిన ఇరువది రెండేండ్లు ఏ సంసారమైనను పస్తుండి వేచియుండగలదా? చేతిలోని సొమ్మంతయు గోడలలో పోసినవానికి గోడలు అన్నము పెట్టవు. ఆపదలో ఇల్లమ్మబోయిన, పనిపోయిన వారందరును ఒక్కసారి అమ్మజూపు ఊరిలో కొనువాడెవ్వడు?

పింఛను గలదు గదా యందురు. ఏ పింఛను? 2004 సెప్టెంబరు 1 తరువాత ప్రభుత్వోద్యోగమున చేరిన ఉపాధ్యాయునికి పూర్వపు స్థిరమైన పింఛను లేదు. తన వాటాయు ప్రభుత్వపు వాటాయు కలిసి పెరిగినంతే వాని భాగ్యము. ఉద్యోగుల పింఛను పథకమున, 2014లో నిర్ణయించిన 15,000 రూపాయల వేతనపరిమితిపై లెక్కించిన యెడల, ముప్పదియైదేండ్లు పనిచేసినవానికి వచ్చునది నెలకు ఎనిమిది వేలకు మించదు. బొగ్గుగని కార్మికుల 1998 నాటి పథకము ననుసరించి వచ్చు పింఛను ధరలతోపాటు పెరుగునది కాదు. మందులవాని ధర మాత్రము ఏటేట పెరుగును.

ఇక మిగిలినది కొడుకు. "మా అబ్బాయి చూచుకొనును" అను మాట మన యిండ్లలో పింఛను పథకములన్నిటికంటె పురాతనమైనది. సింగరేణిలో తండ్రి పని కొడుకునకు సంక్రమించునను ఆశపై బ్రతికిన కుటుంబములెన్నియో! 2017లో హైదరాబాదులోని ఉన్నత న్యాయస్థానము ఆ వారసత్వోద్యోగముల ప్రకటనను కొట్టివేసెను. తలిదండ్రులను పోషింపుమని సంతానమును నిర్బంధించుటకు 2007లో చట్టమే చేయవలసివచ్చినది. కన్నకొడుకుపై అర్జీ వ్రాసికొను దుస్థితి కలుగకుండ జాగ్రత్తపడుట తండ్రి బాధ్యత కాదా? బిడ్డపై ప్రేమగలవాడు వానికి ఆస్తితోపాటు తన ముదిమిని భారముగా అంటగట్టడు. కొడుకుపై పెట్టుకొన్న ఈ యాశవలననే కూతురు పరాయిదగుచున్నది, కోడలు జీతము లేని దాదియగుచున్నది.

దీనికి విరుద్ధమైన దోషమును సైతము మేము క్షమింపము. నెలకిస్తు తగ్గునని ముప్పదేండ్ల గడువు కోరువారు కలరు. ముప్పది లక్షల ఋణమునకు ఎనిమిదిన్నర వడ్డీపై ఇరువదేండ్లకైన కిస్తు 26,035, ముప్పదేండ్లకైన 23,067. నెలకు మూడువేలు తగ్గెనని సంతసించువాడు మొత్తముమీద ఇరువది లక్షలకు పైగా అధికముగా చెల్లించును. ముప్పదియైదవయేట అట్టి ఋణము తీసికొన్న గని కార్మికుడు అరువదియొకటవ యేట విరమించి, ఆపై నాలుగేండ్లు పింఛనులోనుండి కిస్తు కట్టవలసియుండును.

కర్తవ్యమేమి? ఆరునెలల గృహవ్యయము, కిస్తులతో సహా, మొదట చేత నుంచుకొనవలయును. భవిష్యనిధిని ఇంటికై తాకరాదు; జీతము పెరిగినప్పుడెల్ల పెరుగుదలలో నొక పాలు ముదిమికి చేర్చవలయును. ఋణమునకు సరిపడు జీవితబీమా తీసికొనవలయును. ఆ పిదప మిగిలిన సొమ్ముతో ఏటికొక కిస్తు అదనముగా కట్టిన, పైన చెప్పిన ఇరువదేండ్ల ఋణము పదునారున్నర యేండ్లకే తీరును. మారు వడ్డీగల గృహఋణమును వ్యక్తులు ముందుగా తీర్చిన జరిమానా లేదని రిజర్వు బ్యాంకు ఆదేశించియున్నది. ఇందులకు సొమ్ము చాలదందురా? గృహప్రవేశపు విందును, పొరుగువాని మేడకంటె ఎత్తుగా లేపు రెండవ అంతస్తును తగ్గింపుడు, చాలును.

ఈ లెక్కలన్నియు ఇల్లాలి యెదుట జరుగవలెను. ఇంటి పత్రమున ఆమె పేరుండవలెను. ఉద్యోగుల భవిష్యనిధిలో పెండ్లికి పూర్వము వ్రాసిన నామినేషను పెండ్లితో చెల్లకపోవును. దానిని మరల వ్రాసినవారెందరు? భర్త పోయిన మరునాడు కిస్తెంతో, నిధి యెంతో బ్యాంకు గుమాస్తా నోట మొదటిసారి వినవలసిన స్త్రీ దౌర్భాగ్యమునకు విధిని నిందించుట వ్యర్థము.

చదువరులు ఈ నెల జీతమందిన దినముననే దంపతులిద్దరును కలిసి కూర్చుండి, ఋణపత్రమును భవిష్యనిధి లెక్కను ప్రక్కప్రక్కన పరచి చూడుడు. అప్పు తీరు సంవత్సరమును, పని విరమించు సంవత్సరమును ఒక కాగితముపై వ్రాయుడు. మొదటిది రెండవదానికంటె ముందు రానియెడల మీ యిల్లింకను కట్టుట ముగియలేదని యెరుంగుడు.