జాకీ ఎత్తుటకే గాని మోయుటకు గాదు

మన సంఘసభ్యుల పశువులకొట్టములందు ఎద్దులబండి యుండిన చోట చిన్నకారు వచ్చి నిలిచి చాలకాలమైనది. సురంగల్ గ్రామమందే గాక మొయినాబాదు, చేవెళ్ల మండలముల యూళ్లన్నిటను ఈ మార్పు కన్నులకు గట్టుచున్నది. తెల్లవాఱకమున్నే పూలగంపలను గుడిమల్కాపురము మార్కెట్టునకును, కూరగాయలను మెహిదీపట్నము రైతుబజారునకును చేర్చుటకు పలువురు రైతులు ఒకరు వాడి విడిచిన కార్లను కొనుచున్నారు. 1983 సం. డిసెంబరులో తొలిసారి అమ్మకమునకు వచ్చి, 2014 సం. మొదట తయారీ నిలిచిపోయిన మారుతి 800 కారు నేటికిని మన బాటలమీద కనబడుచునే యున్నది.

పాతబండికి పని తఱచు. చేనిగట్టు తగిలి సైలెన్సరు వదులగుట, ఆయిలు కాఱుట, టైరులో ముల్లు దిగుట మొదలగునవి ఏదో యొకటి యుండనే యుండును. ప్రతి చిన్నపనికిని మొయినాబాదు వఱకు పోయి మెకానిక్కు కొఱకు సగము దినము కాచుకొనుట రైతునకు గిట్టుబాటు గాదు. కనుక ఇంటివాకిటనే కారును జాకీతో పైకెత్తి, గోనెపట్టా పఱచుకొని దానిక్రిందికి దూఱుచున్నారు. ఇంటిపని ఇంటనే చేసికొనుటను మేము తప్పు పట్టము, అది మెచ్చదగినదే. కాని ఒక్క జాకీని నమ్మి కారుక్రింద పరుండుటను మాత్రము ఒప్పుకొనజాలము. ఈ యలవాటు మన యూళ్లనుండి తొలగవలెననియు, దానిని తొలగించుటకు సహకారసంఘమే పూనుకొనవలెననియు మా యభిప్రాయము.

ఇది మనము క్రొత్తగా నేర్వవలసిన విద్య కాదు. ఎద్దులబండి చక్రము నూడదీసి కందెన వేయునపుడు మన పెద్దలెట్లు చేసిరి? ఎద్దులను విప్పి దూరముగా కట్టిరి. రెండవ చక్రమునకు ముందువెనుకల రాళ్లు పెట్టిరి. బండి నెత్తి ఇరుసుక్రింద దన్నుకఱ్ఱ నిలిపి, అది కదలకుండుట చూచుకొని, అటుపిమ్మట గాని చీల తీయలేదు. నలుగురు మనుష్యులు భుజమిచ్చి బండి నెత్తినను, ఆ భుజములను నమ్మి యెవ్వడును ఇరుసుక్రిందికి పోలేదు. ఎత్తుట యొక పని, నిలుపుట వేఱొక పని యని వారెఱుగుదురు. జాకీ యనునది ఆ నలుగురి భుజములకు బదులుగా వచ్చినదే గాని దన్నుకఱ్ఱకు బదులుగా వచ్చినది కాదు. దన్నుకఱ్ఱకు బదులుగా వచ్చినదానిని జాకీస్టాండు అందురు. కారు అమ్మువారు జాకీని ఇచ్చెదరు గాని స్టాండును ఇయ్యరు. చిక్కంతయు ఇక్కడనే పుట్టినది.

కారుతో కూడ వచ్చు చిన్నజాకీ మరజాకీ. దాని చేతులు కత్తెరవలె నుండును. నడుమనున్న పొడుగు మరను త్రిప్పిన కొలది చేతులు దగ్గఱకు వచ్చి తల పైకి లేచును. అది బాటమీద చక్రము మార్చుకొనుటకై చేయబడినది, అంతకుమించి దాని కేపనియు అప్పగింపరాదు. దాని పాదము మన యఱచేతికన్న ఏమంత పెద్దది కాదు. కారు రెండంగుళములు ముందునకో వెనుకకో దొర్లిన చాలును, జాకీ ఒరిగి పడును.

నూనెజాకీ దీనికన్న బలమైనది. చిన్నగొట్టములోని నూనెను నొక్కి పెద్దగొట్టములోనికి పంపుటచే అల్పబలముతో అధికభారము లేచును. ఇంగ్లండునందు జోసెఫ్ బ్రామా యనునతడు ఈ సూత్రమునే ఆధారముగా గొని 1795 సం.లో ఒత్తుయంత్రమునకు పేటెంటు పొందెను. పిల్లవాడు సైతము దీనితో కారు నెత్తగలడు. కాని ఎత్తిన పిదప ఆ బరువునంతను ఆపుచున్న దేది? ఒక రబ్బరువాషరు, ఒక చిన్న కవాటము. వాషరు అరిగినను, కవాటములో ఇసుకరేణువు చిక్కినను నూనె వెనుకకు జాఱును. ఒక్కొకప్పుడు మెల్లగా దిగును. ఒక్కొకప్పుడు చెప్పకయే దిగును. ఇక చిన్నచక్రములపై దొర్లు ట్రాలీజాకీ సంగతి. దాని చేయి నిట్టనిలువుగా గాక వంపు తిరుగుచు లేచును, కావున ఎత్తుచున్నంతసేపును జాకీ కొంచెము కొంచెముగా ముందునకు దొర్లవలెను. సిమెంటు గచ్చుమీద దొర్లును. మట్టిలో దాని చక్రములు కూరుకొనిపోవును, అపుడు జాకీ కదలనేరక దాని తల కారుక్రిందనుండి జాఱిపోవును. జాకీ చెడ్డదని పలువురు నిందించుట విన్నాము. చెడ్డది జాకీ కాదు, దానిని నిలిపిన తావు.

బరువు సంగతి కూడ చెప్పవలెను. మారుతి 800 కారు సుమారు 650 కిలోలు తూగును. ఇంజను ముందుండుటచే అందు సగముకన్న నెక్కువ ముందుచక్రములపైననే పడుచున్నది. ముందుభాగము నెత్తినపుడు ఒక్కొక ప్రక్కను మోయవలసిన భారము దాదాపు 200 కిలోలు, అనగా కొనుగోలు కేంద్రమందు తూచు 40 కిలోల ధాన్యపు బస్తాలు ఐదు. ఈ భారము మనుష్యుని ఎదమీద దిగినచో ఒక్క యెముకయు విఱుగకున్నను ఊపిరి తీయుటకు ఎద లేవదు. కొన్ని నిమిషములలో ప్రాణము పోవును. అఱచుటకు సైతము ఊపిరి యుండదు గనుక లోపలి గదిలోనున్న ఇల్లాలికి వినబడనైన వినబడదు.

నేల యెట్లున్నదో మొదట చూడవలెను. మన ప్రాంతమున ఎఱ్ఱచెలకయు నల్లరేగడియు రెండును గలవు. రేగడి వానకు ఉబ్బి మెత్తబడును, ఎండకు నెఱ్ఱెలు బాయును. ఏ కాలమందును దానిమీద జాకీని గాని స్టాండును గాని నిలుపరాదు. అలికిన వాకిలి పైకి గట్టిగా కనబడినను స్టాండు కాళ్లు సన్ననివి. బరువు పడగానే ఒక కాలు దిగబడును, స్టాండు ఒరుగును. సిమెంటు కళ్లము గాని, ఇంటిముందటి గచ్చు గాని సమతలముగా నున్నచో అదియే తగిన చోటు. లేనిచో రెండంగుళముల మందము గలిగి స్టాండు నాలుగుకాళ్లకును చాలునంత వెడల్పయిన గట్టికఱ్ఱ పలకలను క్రింద పఱచవలెను. వాలునేలయందు కారు నెత్తనే యెత్తరాదు.

హ్యాండుబ్రేకు వేసితిమిగదా యని ధైర్యపడువారు కలరు. వారు ఒక సంగతి తెలిసికొనవలెను. మన చిన్నకార్లలో హ్యాండుబ్రేకు వెనుకచక్రములను మాత్రమే పట్టును. వెనుకభాగమును పైకెత్తినపుడు ఆ చక్రములు గాలిలో నుండును. ఇక బ్రేకు దేనిని పట్టును? ఇంజను బలము ముందుచక్రములకు పోవు కార్లలో గేరు ముందుచక్రములను పట్టును గాని, ముందుచక్రములలో ఒకటి పైకి లేచిన తోడనే ఆ పట్టును వదలును. లేచిన చక్రము ఊరక తిరుగును, నేలమీది చక్రము దొర్లును. కావున ఏ భాగము నెత్తినను నేలమీదనుండు చక్రములకు ముందును వెనుకను దిమ్మలు పెట్టుటయే నమ్మదగినది. గుండ్రని రాయి దిమ్మ కాదు. వాలుగా చెక్కిన కఱ్ఱదిమ్మ చక్రమునకు ఆనుకొని యుండవలెను. హ్యాండుబ్రేకు వేయుడు, గేరులో నుంచుడు, కాని దిమ్మలు మఱువకుడు. కారులో పిల్లలు గాని మఱెవ్వరు గాని కూర్చుండరాదు.

చక్రము తీయవలసియున్నచో నట్లను నేలమీద నున్నపుడే కొంచెము వదులు చేయవలెను. గాలిలో నున్నపుడు పానాను బలముగా త్రొక్కిన కారు ఊగి జాకీమీదినుండి పడును. మరల బిగించునపుడును కడపటి బిగింపు చక్రము నేల నానిన పిదపనే. జాకీ తలను ఎక్కడబడిన అక్కడ పెట్టరాదు. తలుపుల క్రింది యంచున, ముందుచక్రమునకు కొంచెము వెనుకను, వెనుకచక్రమునకు కొంచెము ముందును రేకు మడిచి గట్టిపఱచిన తావులు గలవు. అడుగురేకుమీద పెట్టిన రేకు చీలును. ఆయిలుచాంబరు క్రింద పెట్టిన చాంబరు పగులును. ఆ గట్టితావును జాకీయే ఆక్రమించియుండగా స్టాండు నెక్కడ పెట్టుటయని అడుగవచ్చును. కారుతో నిచ్చిన పుస్తకమందు నడుమ అడ్డుదూలముక్రింద ట్రాలీజాకీ నుంచు చోటును బొమ్మవేసి చూపియున్నచో, అక్కడ నెత్తి, రెండుప్రక్కల గట్టితావుల క్రింద రెండు స్టాండులను నిలుపవలెను. పుస్తకము చేతలేనివారు తెలిసిన మెకానిక్కును ఒక్కసారి పిలిచి, ఆ తావులు చూపించుకొని సున్నముతో గుఱుతు పెట్టుకొనుట మేలు. ఆ తావులు తెలియనివారు కారుక్రిందికి పోనేరాదని మా మాట.

స్టాండులు రెండును ఒకే యెత్తున నుండి వాటి చీలలు పూర్తిగా దిగియున్నవో లేదో చూచి, కారును మెల్లగా వాటిమీదికి దింపవలెను. పిమ్మట లేచి నిలిచి, కారు ప్రక్కను చేతులతో బలముగా త్రోసి చూడవలెను. ఒరిగిపడునదైన మనము వెలుపల నున్నపుడే ఒరిగిపడనిండు. తీసిన చక్రమును, లేనిచో స్టెప్నీని, తలుపుక్రింది యంచునకు అడుగున పరుండబెట్టుట మంచిది. అన్నియు తప్పి కారు దిగినను అది కొంత యెడమునైనను మిగుల్చును.

ఇటుకల ప్రస్తావన చేయక తప్పదు. మేము చూచినంతలో మన యూళ్లలో స్టాండులకు బదులు ఎక్కువగా వాడబడునవి బోలు సిమెంటుఇటుకలే. ఇల్లు నిలుచుచుండగా కారు నిలువదాయని వాదింతురు. ఇంటిగోడలో ఇటుకమీద బరువు సమముగా పఱచుకొని యుండును. కారు అంచు కత్తివలె ఒక్కచోట నొక్కును. సిమెంటుఇటుక వంగదు, మూలుగదు, ముందుగా హెచ్చరింపదు. ఒక్కసారి పగిలి పొడియగును. కఱ్ఱ యట్లు కాదు, విఱుగకముందు చప్పుడైన చేయును. స్టాండు దొరకనిచో నలుచదరముగా కోసిన తుమ్మమొద్దులను రెండేసి చొప్పున అడ్డముగాను నిలువుగాను పేర్చుట ఇటుకలకన్న వేయిరెట్లు మేలు.

రెండు నిమిషముల పనికి ఇంత తంతు ఎందులకని విసుగుకొనువారు మన సభ్యులలో కలరు. క్రొత్తగా కారు కొన్ననాడు చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టించుటకు మాత్రము వారికి తీఱిక దొరకును! స్టాండులు నిలుపుటకు పట్టు కాలము ఒక చుట్ట కాల్చునంత. ట్రాక్టరు ట్రాలీని నూనెబలముతో పైకి లేపి, ఏ దన్నును లేక దానిక్రింద వంగి మట్టి గీకుచున్నవారికిని ఈ మాటలే వర్తించును. ఆ భారము కారుకన్న నెక్కువ. చిన్నకారు జాకీని ట్రాక్టరునకు వాడుటయు కొన్నిచోట్ల కలదని వినుచున్నాము. ఇది వెంటనే మానదగినది.

బాటమీద చక్రము పాడైనచో బాటయంచుననే కూర్చుండి పని చేయవలదు. 2024 సం. డిసెంబరులో ఆలూరు గేటు వద్ద బాటప్రక్కన కూరగాయలమ్ముకొనువారిపైకి లారీ దూసుకొనివచ్చి ప్రాణములు తీసినది. మఱ్ఱిచెట్ల నడుమ సాగు ఆ చేవెళ్ల బాటపై వాహనముల రాకపోకలెట్టివో మనకు తెలియును. టైరు చెడిపోయినను సరే, మెల్లగా ప్రక్కబాటలోనికి మళ్లించి అచ్చట నిలుపుడు. టైరుకు వెల కలదు.

కారు మీదపడిన మనుష్యుని కాళ్లుపట్టి లాగరాదు. జాకీతోనో, పదిమంది కలసియో కారును పైకెత్తి, దన్నుపెట్టి, అటుపిమ్మట వెలికి తీయవలెను. ఆలోగా మఱొకరు 108కి ఫోను చేయవలెను. ఇందుకే కారుక్రింద పనిచేయువాడు ఒంటరిగా నుండరాదు. పిలిచిన పలుకునంత దూరములో పెద్దవారొకరుండవలెను.

ఇక సంఘము చేయదగినది. విత్తనములు, ఎరువులు పంచు సంఘమునకు కార్ల గొడవ ఏలయని కొందఱు ప్రశ్నింపవచ్చును. పంటను బజారునకు చేర్చు సాధనము సేద్యపు పనిముట్టు కాదా? స్టాండుల జత వెల ఒక క్రొత్త టైరు వెలకు అటునిటుగా నుండును. ఏటికి రెండుమూడుసార్లు వాడు వస్తువును ఇంటింట కొనుట దండుగ. పదిమంది కలసి ఒకటి కొని వంతులవారీగా వాడుకొనుటకే గదా సంఘము పుట్టినది. కావున రాబోవు సర్వసభ్యసమావేశమందు ఈ తీర్మానము చేయవలెనని కోరుచున్నాము. గోదామునందు ఒక ట్రాలీజాకీ, 2 టన్నుల భారము మోయునని ముద్రగల స్టాండులు రెండు జతలు, కఱ్ఱపలకలు నాలుగు, చక్రపుదిమ్మలు నాలుగు ఉంచవలెను. పాత గొట్టములు కోసి అతికించి చవుకగా చేసియిచ్చెదమనువారి స్టాండులను కొనరాదు. ఆఱునెలలకొకసారి స్టాండుల అతుకులు పగిలినవేమో, జాకీ నూనె కాఱుచున్నదేమో చూపించవలెను. మొదటి నెలలో ఒక ఆదివారమునాడు మెకానిక్కును రప్పించి, ఏదైన సభ్యుని కారునే ఎత్తించి, పైని చెప్పినదంతయు సభ్యులచేతనే చేయించవలెను. చదివిన దానికన్న చేతితో చేసినది నిలుచును. అద్దె నామమాత్రముగా నుండవచ్చును. కాని జాకీని ఒక్కదానినే ఎవ్వరికిని ఇయ్యరాదు. జాకీ, స్టాండులు, పలకలు, దిమ్మలు అన్నియు ఒకే పద్దుక్రింద వ్రాసి కలిపియే ఇయ్యవలెను. జాకీ చాలును, తక్కినవి వద్దనువారిని గుమాస్తా ఉత్తచేతులతోనే పంపివేయవలెను.