కాళ్లకు పండుగ, కన్నులకు సెలవు

ఐర్లండు దేశపు రాజధానియగు డబ్లిను నగరమున ఏటేట జూను 16వ తేదీన ఒక నవల పేర ఉత్సవము జరుగుచున్నది. ఆ నవల జేమ్సు జాయిసు రచించిన ‘యులిసీస్’. 1904వ సంవత్సరము జూను 16వ తేదీ ఉదయమున దాని కథ ప్రారంభమై మరునాటి వేకువకు ముగియును. కథానాయకుడగు లియొపోల్డు బ్లూము రాజు గాడు, యోధుడు గాడు; వార్తాపత్రికకు ప్రకటనలు సమకూర్చి పొట్టపోసికొనువాడు. మావంటి పత్రికలు ఎవరి కాలినడకమీద బ్రతుకుచున్నవో అట్టివాడన్నమాట. ఆతని పేరనే ఆ దినమునకు బ్లూమ్స్‌డే అని పేరు వచ్చినది.

ఆనాడు జనులు 1904 నాటి గడ్డిటోపీలు ధరించి సైకిళ్లెక్కి తిరుగుదురు. శాండికోవు తీరమున ఫార్టీ ఫుట్ అను రాతిరేవులో దిగి చల్లని సముద్రజలములలో ఈదుదురు. బ్లూము నడచిన వీథులు గుంపులుగా నడచివత్తురు. ఈ పేరు సముద్రము దాటి అమెరికాకును పోయినది. అచ్చటి వాషింగ్టను రాష్ట్రమున స్పొకేను పట్టణములో 1977 నుండి బ్లూమ్స్‌డే పరుగు అను 12 కిలోమీటర్ల పందెము నడచుచున్నది. దానిని స్థాపించిన డాన్ కార్డాంగు 1976 మాంట్రియలు ఒలింపిక్సులో మారథాను పరుగున నాలుగవవాడుగా వచ్చిన మేటి. 1996లో ఆ పందెమున 60,000కు మించిన జనులు పాల్గొనిరి. పరుగు ముగించినవారికి ఒక టీషర్టు లభించును. పందెము జూనులో గాదు, మే నెల మొదటి ఆదివారమున జరుగును! నవలనుండి పేరు వచ్చినది; తేదీ కూడ రాలేదు.

ఈదుటయు పరుగెత్తుటయు దోషములని మేమనుట లేదు. మా ఆక్షేపణ వేఱు. ఆ నవల జాతీయవాదులమని చెప్పుకొనువారిని నిలదీసి ఒక ప్రశ్న అడిగినది. ఈ బహిరంగ వినోదములు ఆ నవలనుండి సముద్రమును, వీథులను, టోపీలను, సబ్బుబిళ్లను సహితము తీసికొన్నవి. ఆ ప్రశ్నను మాత్రము తీసికొనలేదు.

దూరదేశపు ఈ వేడుకతో ఆంధ్రులకేమి పని యని చదువరులు అడుగవచ్చును. పని కలదు. మన వరాహగిరి వేంకటగిరిగారు 1913లో న్యాయశాస్త్రము చదువ డబ్లినునకే వెళ్లిరి. అచ్చటి స్వాతంత్ర్యోద్యమముతో సంబంధము పెట్టుకొని 1916లో ఆ దేశము విడిచి రావలసినవారైరి. ఉన్నవ లక్ష్మీనారాయణగారు బారిష్టరు పట్టము పొందినదియు డబ్లినులోనే. ఆయన రాయవెల్లూరు చెఱసాలలో వ్రాసిన ‘మాలపల్లి’ 1922లో వెలువడినది. జాయిసు నవల పారిసులో వెలువడినదియు ఆ యేటనే, ఫిబ్రవరి 2వ తేదీన. మాలపల్లిని మదరాసు ప్రభుత్వము నిషేధించెను. యులిసీసును ముక్కలుగా ప్రకటించిన నేరమునకు 1921లో న్యూయార్కు న్యాయస్థానము ఇద్దరు స్త్రీ సంపాదకులకు 50 డాలర్ల చొప్పున జుల్మానా విధించెను. 1933లో గాని అమెరికా న్యాయమూర్తి యొకడు ఆ గ్రంథమునకు విడుదల నీయలేదు. ఈ రెండు నవలలకు శైలిలో పోలిక లేదు. కాని రెండును ఒకే ప్రశ్నను రెండు భాషలలో అడిగినవి: జాతి యనగా ఎవరు? ఆ పేరు చెప్పి లోపలికి ఎవరిని రానిత్తురు, వాకిటనే ఎవరిని ఆపుదురు?

దేహబలమును చులకన చేయుట మా యుద్దేశము గాదని మరల చెప్పుచున్నాము. ఐర్లండు స్వాతంత్ర్యోద్యమమున ఆటలు ఆటలుగా మాత్రమే యుండలేదు. 1884లో మైకేలు క్యూసాకు మొదలగువారు గేలిక్ క్రీడాసంఘమును స్థాపించి, పాలకుల ఆటలకు మారుగా దేశీయక్రీడలను ఊరూర నిలువబెట్టిరి. 1920 నవంబరు 21వ తేదీన క్రోక్ పార్కులో ఫుట్‌బాల్ ఆట చూచుచున్న జనముమీద ప్రభుత్వబలగములు తుపాకులు కాల్చి 14 మందిని బలిగొన్నవి. మన దేశమందును పఠనమందిరము ప్రక్కనే వ్యాయామశాల కట్టించిన పెద్దలుండిరి. విజయనగరపు సర్కసుతో పేరొందిన కోడి రామమూర్తి నాయుడుగారు మోటారుబండ్లను నిలువరించి ఇనుపగొలుసులను త్రెంచి చూపినపుడు, పరదాస్యమున క్రుంగిన జనులు తమ వెన్ను తాము తడవి చూచుకొనిరి. ఆయనను ఇండియన్ సాండో యనిరి. ఆ సాండో యనునతడు యులిసీసులోను కలడు. బ్లూము పుస్తకముల బీరువాలో సాండో వ్రాసిన వ్యాయామగ్రంథ మున్నది. ఆ కసరత్తులు మరల మొదలుపెట్టవలెనని బ్లూము ఉదయముననే తలంచును. రాత్రి దాక మొదలుపెట్టడు. ఇందులో నవ్వుకొననివాడెవడు?

నవలలో ఆటలకు లోటు లేదు. ఆనాడే కళాశాల మైదానమున సైకిలు పందెములు. ఆనాడే ఇంగ్లండులో ఆస్కటు గోల్డు కప్పు గుఱ్ఱపు పందెము. దానిని గెలిచిన గుఱ్ఱము థ్రోఅవే నిజమైన గుఱ్ఱమే, నిజముగా ఒకటికి ఇరువదిగా గెలిచినదే. ఇన్ని ఆటలను చిత్రించిన రచయిత ఆటగాళ్లను ఎట్లు చూచినాడో ఉత్సవకర్తలు కనుగొన్నారా? మొదటి అధ్యాయమున ఫార్టీ ఫుట్ దగ్గర నీటిలోనికి దుముకువాడు బక్ మలిగను. ఈ పాత్రకు మూలమగు ఆలివరు గోగర్టీ వైద్యుడు, ఈతలో సైకిలు పందెములలో పేరుపొందినవాడు. జాయిసు తన ప్రతిబింబముగా సృష్టించిన స్టీఫెను నీటిలో దిగడు. ఆతనికి నీరన్నను స్నానమన్నను గిట్టదు. ఇర్వురును నివసించు గోపురపు తాళపుచెవిని ఆ యీతగాడు అడిగి పుచ్చుకొనును. అట్టివానిని అన్యాయాక్రమణదారుడని స్టీఫెను మనసున అనుకొనుటతో ఆ యధ్యాయము ముగియును. నేడు జాయిసు గౌరవార్థమని ఆ రేవున దుముకువారు ఎవరి యడుగుజాడలలో దుముకుచున్నారు? చాలకాలము పురుషులకు మాత్రమే యుండిన ఆ రేవులోనికి 1974లో స్త్రీలు పట్టుపట్టి దిగిరి. ఆ దినమునకు ఉత్సవము చేసినను మేము సంతోషింతుము. అది వాకిలి తెఱచిన దినము.

ఇక అసలు సంగతికి వత్తుము. నవలలోని 18 అధ్యాయములలో 12వది ఒక మద్యశాలలో జరుగును. అచ్చట నొక దేశభక్తుడు పీఠము వేసికొని కూర్చుండును. ఆతనికి పేరు లేదు; అందరును సిటిజన్, అనగా పౌరుడు, అందురు. క్రీడాసంఘస్థాపకుడగు క్యూసాకును మనసునందుంచుకొనియే జాయిసు ఈ పాత్రను గీచెను. నిజమైన క్యూసాకునకు ఇది న్యాయమా యని వాదించువారు కలరు. ఆ వాద మటుంచుదము. మద్యశాలలో మాట దేశీయక్రీడలమీదికి, కండబలముమీదికి, జాతి పునరుజ్జీవనముమీదికి పోవును. పొగడ్తలు మిన్నుముట్టుచుండగా బ్లూము నడుమ దూరి, గుండె బలహీనముగా నున్నవానికి కఠినవ్యాయామము కీడు చేయునని చెప్పును. ఎంత వెఱ్ఱిబాగులవాడు! ఎంత సత్యము చెప్పినాడు! ఆరోగ్యోత్సవములు జరుపువారికి ఆ నవలలో పనికివచ్చు వాక్యము ఇంతకంటె వేఱొకటి లేదు. దానిని ఏ పందెపు ఫలకముమీదను మేము చూడలేదు.

తరువాత వారాతనిని అడుగుదురు: నీదే జాతి? బ్లూము తండ్రి హంగేరీనుండి వచ్చిన యూదుడు. బ్లూము తాను ఐర్లండువాడననియు, అచ్చటనే పుట్టితిననియు బదులు చెప్పును. ద్వేషము బ్రతుకు గాదని మరియొక మాట చేర్చును. ఆ మాటలకు దొరకిన బహుమాన మేమనగా, ఆతడు బండి యెక్కి తప్పించుకొనుచుండగా ఆ పౌరుడు బిస్కట్ల డబ్బా తీసి ఆతనిమీదికి విసరును. బలప్రదర్శన మెక్కడ మొదలై ఎక్కడ తేలినదో చూడుడు.

ఈ ప్రశ్న 1904తో తీరినదా? నవలలోని దినమునకు నూరేండ్లు నిండిన 2004లో డబ్లినువారు మహోత్సవము చేసిరి. ఓకానెలు వీథిలో 10,000 మందికి ఉచితముగా ఉదయపు ఫలాహారము పెట్టిరి. అదే యేడు అదే జూను 11వ తేదీన, అనగా శతాబ్దిదినమునకు సరిగా అయిదు దినములు ముందు, ఐర్లండు ప్రజలు ఒక రాజ్యాంగసవరణమీద వోటు వేసిరి. ఐర్లండు గడ్డమీద పుట్టినంతమాత్రమున పౌరసత్వము హక్కుగా రాదనియు, తల్లిదండ్రులలో ఒకరైనను అచ్చటి పౌరులో పౌరులగుటకు అర్హులో కావలెననియు ఆ సవరణ చెప్పినది. నూటికి 79 మంది ఔననిరి. ఇచ్చటనే పుట్టితినని బ్లూము చెప్పిన జవాబు ఏ శాలలో చెల్లలేదో, అట్టి జవాబు ఒక్కటే ఇకమీద చట్టమందును చెల్లదని జాతియంతయు తీర్మానించి, అయిదు దినములకు ఆ బ్లూము టోపీ పెట్టుకొని వీథులలో తిరిగినది!

బ్లూము తల్లి ఐర్లండులో పుట్టినదే గనుక ఈ సవరణ ఆతనికి తగులదని మా వృత్తిలోని సోదరులు ఆక్షేపింపవచ్చును. చట్టప్రకారము అది సరియే. కాని మద్యశాలలో ఆతడు తల్లి సంగతి ఎత్తలేదు. పుట్టిన గడ్డనే సాక్ష్యముగా నిలిపినాడు. సరిహద్దులు కాపాడుకొనుటకు ఏ రాజ్యమునకైనను హక్కు కలదు, ఆ వోటునకు వారి కారణములు వారికుండును. ఆ రెండును ఒకే వారమున జరుగుచుండగా రెండింటికి నడుమ నున్న పుస్తకమును తెఱచి చూడవలెనని ఎందఱికి తోచినదన్నదే మా ప్రశ్న. మనము వారిని వ్రేలుపెట్టి చూపి తప్పించుకొనుటకును వీలులేదు. 1955 నాటి మన పౌరసత్వ చట్టము పుట్టుకను సాధారణముగా చాలినంత ఆధారమనెను. 1987 జూలై 1వ తేదీనుండి తల్లిదండ్రులలో ఒకరు పౌరులై యుండవలసివచ్చెను. 2004 డిసెంబరు 3వ తేదీనుండి ఒకరు పౌరులైనను రెండవవారు అక్రమముగా వచ్చినవారు కారాదను షరతు చేరెను. అదే 2004! మన పఠనమందిరములలో ఈ విషయము ఎన్ని సాయంకాలములు చర్చింపబడినది?

ఉత్సవపక్షమువారి వాదము మేమెఱుగుదుము. గ్రంథము కఠినము, చదువువారు కొందఱు, పరుగెత్తువారు వేలు. పేరైనను నలుగురి నోట నానుచున్నదిగదా యందురు. పేరు నానినందువలన రచయితకు ఏమి యొరిగినది? ఆతడు 1941లో జూరికున మరణించినపుడు ఐర్లండు ప్రభుత్వపు ప్రతినిధి యొక్కడును అంత్యక్రియలకు పోలేదు. ఆ నవలను ఆధారముచేసికొని 1967లో తీసిన చలనచిత్రమునకు ఐర్లండులో 2000 దాక అనుమతి లేదు. ఎకిల్సు వీథిలో బ్లూము కాపురమున్నట్లు వర్ణింపబడిన 7వ నెంబరు ఇల్లు పడగొట్టబడినది. ఆ స్థలమున నేడొక ప్రైవేటు ఆసుపత్రి యున్నది. తలుపు మాత్రము మిగిలి జాయిసు సెంటరులో నిలిచినది. ఉత్సవములు ఏటేట పెరుగుచుండగానే ఇంటి శిథిలములును తొలగింపబడినవి.

గ్రంథము కఠినమే. అంతమాత్రమున జనులకు అందదని తీర్మానించుట పండితులకును పందెగాండ్రకును సమముగా నున్న అహంకారము. 1982లో, జాయిసు పుట్టిన నూరవ యేట, ఐర్లండు రేడియోవారు ఆ నవలనంతటిని ఒక్క మాట విడువక ఇంచుమించు 30 గంటలు చదివి వినిపించిరి. బ్లూము నిమ్మవాసన సబ్బు కొన్న స్వెనీ మందుల దుకాణము 2009లో వ్యాపారము చాలించినది. తరువాత స్వచ్ఛందసేవకులే దానిని నడపుచు, వచ్చినవారికి తలకొక పుట చొప్పున ఇచ్చి బిగ్గరగా చదివించుచున్నారు. మాకు తెలిసిన బ్లూము పూజలలో నిజమైన పూజ ఇది. 1954లో మొదటిసారి ఈ యాత్ర చేసిన బ్రయను ఓనోలను, పాట్రికు కెవనా మొదలగు రచయితలు గుఱ్ఱపుబండ్లలో బయలుదేరి, నడుమ దొరకిన మద్యశాలలో దిగబడి యాత్ర పూర్తిచేయలేకపోయిరి. తిరుగుట సగమైనను చదువుట సగమైనవారు గారు.

పూర్వము పదుగురిలో చదువుటకును భయముండెను. రచయిత వారసులు 2004లో కాపీరైటు పేర బెదరింపులు చేసిరి. 2012 ప్రారంభమునుండి ఐరోపాలో ఆ చిక్కు లేదు, అమెరికాలో మొదటి ముద్రణకు అంతకుముందే లేదు. కావున స్పొకేనువారు 12 కిలోమీటర్లకును 12 మంది చదువరులను నిలుపవచ్చును. అలసి నడచువారికైనను నాలుగు వాక్యములు చెవిని బడును. డబ్లినువారు ఫార్టీ ఫుట్ రాళ్లమీద తువాలుతోపాటు పుస్తకము పెట్టవచ్చును. ఆనాడు బ్లూము కిల్డేరు వీథిలోని జాతీయ గ్రంథాలయమునకును పోయినాడు. నడచువారు ఆ మెట్లు కూడ ఎక్కవచ్చును.

మనవారును ఇప్పుడు మహనీయుల పేర పరుగులు పెట్టుట మరగినారు. రేపు మాలపల్లి పేరను ఒక పరుగు పెట్టుదురేమో. చొక్కాలు కుట్టించుటకు ముందు పఠనమందిర కార్యదర్శులు ఆ నవలను బల్లమీద పెట్టి, సంగదాసు చావునకు వచ్చుదాక వరుసగా సాయంకాలముల చదివింతురుగాక. ఆ మీదట ఎవరెంత దూరము పరుగెత్తినను మాకభ్యంతరము లేదు.