చదువూ, పురుడూ

ప్రశ్న: ఎం.డి. రెండో సంవత్సరం చదువుతున్నాను. నాకిప్పుడు మూడో నెల. మావారూ ఇదే కళాశాలలో పి.జి. విద్యార్థి. అత్తయ్యగారు చదువు మానెయ్యమంటున్నారు. ప్రొఫెసరుగారికి చెప్పాలంటే భయం. ఏం చెయ్యను?
— ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: ముందు నా శుభాకాంక్షలు. చదువు మానవలసిన పని లేదు. సంగతి దాచవలసిన పని అంతకన్నా లేదు. ప్రభుత్వ నియమాల ప్రకారం పి.జి. విద్యార్థినులకు ప్రసూతి సెలవు ఇవ్వాలని జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనల్లోనే ఉంది. అది ఎవరో దయతలిచి ఇచ్చేది కాదు.

అయితే ఒక లెక్క ఉంది. ఏటా నూటికి 80 వంతుల హాజరు కావాలి. అనుమతించిన సెలవు దాటితే, దాటినన్ని రోజులూ కోర్సు పొడిగిస్తారు. మీ సెలవును హాజరులో ఎలా లెక్కవేస్తారో, ఆఖరి పరీక్ష ఎప్పుడు పడుతుందో, స్టైపెండు మాటేమిటో ఇప్పుడే కాగితం మీద అడగండి. నోటిమాట నెలలు గడిచాక ఎవరికీ గుర్తుండదు. ముందుగా చెబితే డ్యూటీలు సర్దడమూ సులువే. ఆలస్యం చేస్తే ఆ బరువు తోటివాళ్ళమీద పడుతుంది. థీసిస్ పని వీలైనంత ఇప్పుడే ముందుకు జరపండి.

మీవారి సెలవు సంగతి మీరు తలచుకోనే లేదు! మగ విద్యార్థులకు పితృత్వ సెలవు కూడా అవే నిబంధనల్లో ఉంది. దాన్ని బారసాలకు వచ్చిన చుట్టాలతో కబుర్లకు కాక, రాత్రిళ్ళు బిడ్డను ఎత్తుకోవడానికి వాడమనండి.

కొన్ని నెలలు ఆలస్యంగా వచ్చిన డిగ్రీ జీవితమంతా అక్కరకొస్తుంది. ఆ మాట అత్తయ్యగారికి నెమ్మదిగా చెప్పి, పగలు బిడ్డను చూసుకోగలరా అని అడగండి. చాలామంది అత్తగార్ల అలకంతా తమను అడగలేదనే!