సముద్రాన్ని తిట్టకండి

మన హాస్టల్‌లో చదువుకున్న ఒక నావికుడు గత ఏడాది ఓడ మీద చనిపోయిన సంగతి మీలో చాలామందికి తెలుసు. వాడు నా స్నేహితుడు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నా ట్రంకు పెట్టె పక్కనే వాడి ట్రంకు పెట్టె ఉండేది. సంతాప సభలో మాట్లాడిన పెద్దలంతా "సముద్రం మింగేసింది" అన్నారు, "తలరాత" అన్నారు. ఆ రోజు నాకు నోరు పెగల్లేదు. ఇప్పుడు చెబుతున్నాను, ఆ రెండు మాటలూ తప్పు.

వాడిది ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మేం ఇంటర్ మొదటి సంవత్సరం. తెల్లారేసరికి వాళ్ల కొబ్బరి తోట నేలమీద పడుంది. మళ్లీ మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అప్పు అన్నాళ్లు ఆగదు కదా. ఇంటర్ అయ్యాక ఆరు నెలల ట్రైనింగు, సీడీసీ పుస్తకం, ఆ తర్వాత మర్చంట్ నేవీ. నేను డిగ్రీ క్లాసులో నోట్సు రాసుకుంటుంటే వాడు డెక్కు మీద తుప్పు గీకుతున్నాడు.

"ఒరే, ఓడంటే ఏటనుకున్నావు, మన హాస్టలేరా. గంట కొడితే లెగాల, గంట కొడితే తినాల. సాంబారొక్కటే కాస్త చిక్కగుంటాది" అనేవాడు ఫోన్లో. మొదటి జీతంతో హాస్టల్‌కి వాలీబాల్ నెట్టు కొన్నాడు. తమ్ముళ్లూ, ఇప్పుడు మీరు ఆడుతున్నది ఆ నెట్టుతోనే. స్తంభాలకు ఉన్న ముడులు కూడా వాడు వేసినవే. విప్పడం ఇంతవరకు ఎవరికీ చేతకాలేదు.

వాడు పోయిన రోజు తుపాను లేదు. ఓడ రేవులో కట్టేసి ఉంది. లంగరు గొలుసు చుట్టి ఉంచే ఇనుప గదిలోకి ముందు ఒక కుర్రాడు దిగి పడిపోయాడు. వాణ్ణి పైకి తీద్దామని మావాడు దిగాడు. ఇద్దరూ తిరిగి రాలేదు.

ఇనుము తుప్పు పట్టేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను లాక్కుంటుందని బడిలో మనం చదువుకున్నదే. మూసి ఉన్న గదిలో అది రోజుల తరబడి జరిగితే 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ ఎంతకు పడిపోతుందో కంటికి కనబడదు, వాసనా రాదు. పది శాతం కిందికి పోతే మనిషి నిలబడలేడు. అందుకే ఇలాంటి గదుల్లోకి దిగడం, పడిపోయినవాళ్లను తీయడం రెండు నెలలకోసారి సాధన చేయించాలని 2015 జనవరి నుంచి అంతర్జాతీయ నియమం ఉంది. గాలి కొలిచే మీటరు ఓడలో ఉండాలని 2016 జులై నుంచి మరో నియమం. ఆ ఓడలోనూ మీటరు ఉందట. తోటి నావికుడు ఫోన్లో చెప్పాడు. పెట్టెలో ఉందట.

నాకు మాత్రం మన నీళ్ల సంపు గుర్తొచ్చింది. కడగాల్సి వచ్చినప్పుడల్లా మొదట దిగేది వాడే. మూత తీయగానే చొక్కా విప్పేసేవాడు. "చెప్పిన పని చేసే పిల్లాడంటే వీడూ" అని పెద్దవాళ్లు మెచ్చుకునేవారు. పైన నిచ్చెన పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేను. లోపల గాలి ఎలా ఉందో అడగాలని మా ఇద్దరికీ ఎప్పుడూ తోచలేదు. కూలి చేసి పంపే ఇళ్ల నుంచి వచ్చిన మనకు ఎదురు ప్రశ్న వేయడమంటే పొగరు కింద లెక్క. వాడిది ధైర్యం కాదని నేననను. కానీ ఆ ధైర్యాన్ని అంతగా పొగుడుతుంటే నాకు భయమేస్తుంది. తర్వాతి పిల్లాడూ అలాగే దిగుతాడు.

ఇంకో సంగతి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను, వాళ్లింట్లో అంతకూడా లేరు. "ఇందులో ఏటి రాసుందో సదివి సెప్పు నాయనా" అని వాళ్లమ్మ కాగితాల సంచి నా ముందు పెట్టింది. నామినీగా రాసిన ఆమె పేరులో ఒక అక్షరం తప్పు. దాన్ని సరిచేయించడానికి నాలుగు నెలలు తిరిగాం. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర ఏజెన్సీ డబ్బు తీసుకోకూడదని 2016 నిబంధనలు చెబుతున్నాయి. వాడి దగ్గర లక్షన్నర తీసుకున్నారు, రసీదు లేదు. ఓడ ఎక్కాలనుకునే తమ్ముళ్లు ఏజెన్సీ లైసెన్సు నంబరు డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్లో చూసుకోండి. సంతకం చేసిన ఒప్పందం కాపీ ఒకటి ఇంట్లో ఇచ్చి వెళ్లండి. ఇంగ్లీషు అర్థం కాకపోతే నాకు పంపండి, చదివి చెబుతాను. సిగ్గుపడకండి.

వార్డెన్ సార్‌కు ఒక విన్నపం. ఈ ఏడాది సంపులోకి పిల్లల్ని దించకండి. ఆ పని తెలిసినవాళ్లను పిలిపించండి. ఖర్చు పూర్వ విద్యార్థులం పెట్టుకుంటాం. వాడి ఫొటోకు, దండకు వసూలు చేసినదాంట్లో కొంత నా దగ్గర మిగిలి ఉంది. ముందు అది ఇస్తాను.